ఇంటి తోటలో తంగేడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏటా తొలకరికి ముందు ఒకసారి, బతుకమ్మ రోజుల్లో మరొకసారి తంగేడు గురించి నన్ను అవే సందేహాలు అడుగుతుంటారు. విత్తనం మొలవలేదని కొందరు, నాటిన మొక్క నిలువునా ఎండిపోయిందని మరికొందరు, ఆకులన్నీ పురుగులు తినేశాయని ఇంకొందరు అంటారు. ఎర్ర చలక నేల ఉన్న మా పెరట్లో ఈ మొక్కను పెంచుతూ, పోగొట్టుకుంటూ, మళ్లీ పెంచుతూ నేర్చుకున్న విషయాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇళ్లలో తంగేడు చనిపోవడానికి నీటి కొరత కారణం కావడం చాలా అరుదు. ఎక్కువసార్లు నీళ్లు పోయడం, కొట్టం ఎరువు కుమ్మరించడం, వేరు కదిలించడం వల్లనే అది చనిపోతోంది.

## మొక్కను గుర్తించడం, తెచ్చుకోవడం

నర్సరీలో తంగేడు అని చెప్పి ఇచ్చారు. అది అసలు తంగేడేనా, కాదా ఎలా తెలుస్తుంది?

ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట చూడండి. అసలు తంగేడుకు అక్కడ రెండు పక్కలా చిన్న చెవి తమ్మెల్లాంటి ఆకు ముక్కలు ఉంటాయి. వృక్షశాస్త్ర పుస్తకాల్లో వీటిని పత్రపుచ్ఛాలు అంటారు. సెన్నా ఆరిక్యులేటా అనే శాస్త్రీయ నామంలో రెండవ మాటకు చెవులు గలది అని అర్థం, ఆ పేరు ఈ తమ్మెలను బట్టి వచ్చిందే. ఇక ఆకు ఈనె మీద ఎదురెదురుగా ఉండే చిట్టి ఆకుల ప్రతి జతకు నడుమ, సూదిమొనలా నిటారుగా నిలిచిన సన్నని గ్రంథి ఒకటి కనిపిస్తుంది. ఈ రెండూ ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. కాయ పట్టిన మొక్కయితే ఇంకా సులువు: తంగేడు కాయ పలుచగా, బల్లపరుపుగా ఉండి, ఎండినప్పుడు గోధుమరంగు కాగితంలా గలగలమంటుంది.

నేను మొదట తెచ్చుకున్న నాలుగు మొక్కలు మూడేళ్లలో డాబా అంచును దాటి పెరిగాయి. అవి సీమ తంగేడు, అంటే సెన్నా సియామియా అనే పెద్ద చెట్టు మొక్కలు. అమ్మినవారికీ తేడా తెలియదు, కొన్న నాకూ తెలియదు. వాటిని కొట్టించవలసి వచ్చిన రోజు నుంచి, చెవి తమ్మెలు చూడకుండా ఎవరినీ తంగేడు కొనవద్దని చెబుతున్నాను. రేల చెట్టుకు కూడా పసుపు పూలే పూస్తాయి కానీ అవి గుత్తులుగా కిందికి వేలాడతాయి, కాయ గుండ్రని కర్రలా పొడవుగా ఉంటుంది.

కొందరు కాసియా అంటున్నారు, కొందరు సెన్నా అంటున్నారు. రెండూ ఒకటేనా?

ఒకటే. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టారు. తరువాత దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చినది విలియం రాక్స్‌బర్గ్. కాకినాడ దగ్గరి సామర్లకోటలో కొన్నేళ్లు ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి నమోదు చేయించిన వైద్యుడు ఆయనే. పాత పుస్తకాల్లో కాసియా, కొత్త పుస్తకాల్లో సెన్నా కనిపిస్తాయి.

నేల తంగేడు అంటే ఇదేనా?

కాదు. నేల తంగేడు అంటే సునాముఖి. అది వేరే జాతి, దాని ఆకును విరేచనానికి వాడతారు. పేరు కలిసింది కదా అని ఒకదానికి బదులు మరొకటి వాడడం ప్రమాదకరం.

మా ఊరి గుట్ట మీద బోలెడు తంగేడు ఉంది. ఒక మొక్కను తవ్వి తెచ్చి నాటుకోవచ్చా?

దయచేసి ఆ పని చేయవద్దు. తంగేడు బలమంతా తల్లివేరులో ఉంటుంది. మోకాలెత్తు మొక్కను ఒకసారి గడ్డపారతో చుట్టూ తవ్వి చూశాను. రెండడుగుల లోతుకు వెళ్లినా వేరు ఇంకా చిటికెన వేలు లావునే ఉండి, గరుసులోకి నేరుగా దిగుతూనే ఉంది. చివరికి అది తెగిపోయింది, మొక్క వారంలో ఎండిపోయింది. గుట్ట మీద ఏళ్ల తరబడి బతకవలసిన మొక్క నా తొందర వల్ల పోయింది. అదే మొక్క నుంచి నాలుగు ఎండు కాయలు తెచ్చుకుంటే గుట్టకు నష్టం ఉండదు, మీకు పదుల సంఖ్యలో నారు వస్తుంది.

## విత్తనం, నారు

విత్తనాలు ఎప్పుడు సేకరించాలి?

వానల తరువాతి పూతకు పట్టిన కాయలు చలికాలం చివరికి, అంటే సుమారుగా సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఎండుతాయి. చెట్టు మీదే గోధుమరంగుకు తిరిగి, ఊపితే గింజ కదిలిన చప్పుడు వచ్చే కాయలనే కోయండి. కాయ మీద గుండ్రని చిన్న రంధ్రం ఉంటే లోపలి గింజను పుచ్చుపురుగు తిన్నట్లే. గింజలు వలిచిన తరువాత నీళ్లలో వేస్తే పుచ్చినవి చాలావరకు తేలుతాయి. మిగిలినవాటిని నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, మూత గట్టిగా ఉన్న సీసాలో దాచితే తొలకరి వరకు చెడిపోవు.

ఎన్నిసార్లు వేసినా విత్తనం మొలవడం లేదు. లోపం ఎక్కడుంది?

లోపం విత్తనంలో లేదు, దాని పెంకులో ఉన్న గుణం అది. తంగేడు గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వదు. అకాలంలో కురిసిన ఒక్క వానకు గింజలన్నీ మొలిస్తే తరువాత వచ్చే ఎండకు అన్నీ మాడిపోతాయి. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, కొన్ని ఆ పై ఏడు మొలిచేలా ఈ మొక్క తన సంతానాన్ని దాచుకుంటుంది. మెట్టభూమిలో బతకడానికి అది ఎంతో తెలివైన ఏర్పాటే అయినా, కుండీ ముందు కూర్చుని మొలక కోసం ఎదురుచూసేవారికి నిరాశ కలిగిస్తుంది.

పెంకును మనమే మెత్తబరచాలి. గింజల పరిమాణానికి పదింతల నీటిని తెర్లించి, పొయ్యి మీద నుంచి దించి, రెండు నిమిషాలు ఆగి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద గింజలతో కలిపి మరిగించకూడదు, లోపలి పప్పు ఉడికిపోతుంది. తెల్లవారేసరికి కొన్ని గింజలు దాదాపు రెండింతలు ఉబ్బి, మెత్తగా కనిపిస్తాయి. వాటిని వెంటనే విత్తుకోవాలి. ఉబ్బకుండా మిగిలినవాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్దండి, లేదా గోళ్లు కత్తిరించే కత్తెరతో పెంకును గాటు పడేంత మాత్రమే నొక్కండి. గింజకు కన్ను ఉన్న కొసను మాత్రం తాకవద్దు, మొలక వచ్చేది అక్కడి నుంచే. గాటు పెట్టిన గింజలను మళ్లీ మామూలు నీటిలో ఒక పూట నానబెడితే అవి కూడా ఉబ్బుతాయి.

ఇలా సిద్ధం చేసిన విత్తనాన్ని ఒక సెంటీమీటరు లోతున వేస్తే ఒకటి, రెండు వారాల్లో మొలుస్తుంది. మేము ఏమీ చేయకుండా వేసినప్పుడు పదింటిలో ఒకటో రెండో మొలిచేవి. వేడినీళ్ల పద్ధతి మొదలుపెట్టాక సగానికి పైగా మొలుస్తున్నాయి.

కొమ్మ గుచ్చితే వేరు పట్టదా?

పట్టడం చాలా అరుదు. ఒకవేళ పట్టినా లోతుగా దిగే తల్లివేరు ఉండదు కనుక, ఎండను తట్టుకునే బలం విత్తనపు మొక్కకు ఉన్నంతగా రాదు.

నారును ఏ సంచిలో పెంచాలి? ఎన్నాళ్లు ఉంచాలి?

వెడల్పు కంటే లోతు ముఖ్యం. కనీసం తొమ్మిది అంగుళాల లోతున్న పాలిథిన్ సంచిలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, సంచికి రెండేసి గింజలు నేరుగా విత్తండి. నారుమడిలో మొలిపించి సంచిలోకి మార్చితే లేత వేరు దెబ్బ తింటుంది. రెండు, మూడు నెలల వయసులో, జానెడు ఎత్తు కాగానే నేలలో నాటాలి. ఏడాది పాటు సంచిలో ఉండిపోయిన మొక్క వేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది. అలాంటి మొక్క పైకి పచ్చగా కనిపించినా, నేలలో నాటాక లోతుకు దిగలేక మొదటి వేసవికే వాడిపోతుంది. నర్సరీలో కొనేటప్పుడు ఎత్తైన మొక్క కాకుండా చిన్న మొక్కనే అడిగి తీసుకోండి.

## నాటడం

మా నేలలో రాళ్లు, గరుసు ఎక్కువ. తంగేడు వస్తుందా?

అలాంటి నేలే దానికి పుట్టిల్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతపు గుట్టల మీద ఎవరూ నీరు పెట్టకుండానే తంగేడు పూస్తోంది. ఇబ్బంది వచ్చేది నల్లరేగడిలోనూ, నీరు నిలిచే పల్లపు చోటులోనూ. అక్కడ నాటక తప్పదనుకుంటే అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ పోసి, దానిలో గరుసు కలిపి, దిబ్బ మీద నాటండి.

ఏ నెలలో నాటితే మంచిది?

రోహిణి కార్తెలో గుంత తీసి ఎండనిచ్చి, మృగశిరలో మొదటి మంచి వాన పడ్డాక, లేదా ఆరుద్రలో నాటడం మా పద్ధతి. జూన్‌లో నాటిన మొక్కకు చలికాలం వచ్చేలోగా నాలుగు నెలల తడి దొరుకుతుంది, వేరు లోతుకు వెళ్లే సమయం అదే. కోస్తా జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడేచోట్ల సెప్టెంబరులో కూడా నాటవచ్చు. జనవరి నుంచి మే వరకు నాటవద్దు.

గుంతలో ఎరువు ఎంత వేయాలి? యూరియా వేయవచ్చా?

యూరియా వద్దు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంతలో, తీసిన మట్టికి రెండు దోసిళ్ల చివికిన ఎరువు కలిపితే చాలు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు సాగిపోయి, ఆకులు పెద్దవై, పూత వెనకబడుతుంది. ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. చిక్కుడు కుటుంబపు మొక్క కదా, వేరు బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుందని చాలామంది అనుకుంటారు. తంగేడు వేళ్లకు అలాంటి బుడిపెలు రావు.

ప్రహరీ బదులు తంగేడు కంచె వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. మూడడుగులకు ఒక మొక్క చొప్పున నాటి, ఏటా కత్తిరిస్తే నడుమెత్తు నుంచి తలెత్తు వరకు గుబురుగా పెరుగుతుంది. పశువులు, మేకలు సాధారణంగా దీన్ని ముట్టవు. ఊరి చుట్టూ మేత భూముల్లో మిగతావి పోయినా తంగేడు మిగలడానికి అదొక కారణం. అయితే ముళ్లు లేవు కనుక మనుషులను, కుక్కలను ఆపదు.

అపార్ట్‌మెంట్ డాబా మీద కుండీలో పెరుగుతుందా?

పెరుగుతుంది కానీ నేలలో పెరిగినంత తృప్తి ఉండదు. కనీసం అడుగున్నర లోతున్న కుండీ, అడుగున పెద్ద రంధ్రాలు, రోజంతా ఎండ ఉండాలి. కుండీలో వేరు లోతుకు వెళ్లలేదు కాబట్టి అది నీటి ఎద్దడిని తట్టుకునే మొక్క అన్న మాట అక్కడ పూర్తిగా వర్తించదు. వేసవిలో పైమట్టి రెండంగుళాల మేర ఎండినప్పుడల్లా నీళ్లు పోయాలి.

## నీళ్లు, కత్తిరింపు

రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. ఎందుకు?

రోజూ పోస్తున్నారు కనుకనే. వేరు చుట్టూ ఎప్పుడూ తడి ఉంటే దానికి గాలి అందక వేరు కుళ్లుతుంది. కింది ఆకులు ముందుగా పసుపుబారి రాలడం దాని మొదటి గుర్తు. ఆ దశలోనే నీళ్లు పూర్తిగా ఆపి, మొదలు చుట్టూ మట్టిని పైపైన గుల్ల చేసి ఆరనిస్తే చాలా మొక్కలు కోలుకుంటాయి. మొదలు దగ్గర బెరడు మెత్తబడి చేతికి ఊడివస్తే మాత్రం ఆశ లేదు.

నేలలో నాటిన మొక్కకు మొదటి వానాకాలంలో పది రోజుల పాటు వాన లేకపోతే తప్ప నీళ్లు అక్కర్లేదు. మొదటి చలికాలంలో పదిహేను రోజులకు ఒక బకెట్, మొదటి వేసవిలో వారం, పది రోజులకు ఒక బకెట్ సరిపోతుంది. రెండవ వేసవిలో నెలకు ఒకసారి చాలు. మూడవ ఏడాది నుంచి, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వరకు వాన పడే హైదరాబాద్ వంటి చోట, మేము ఒక్క చుక్క పోయడం లేదు. పోసినప్పుడు మాత్రం నేల లోతుగా తడిసేలా ఒకేసారి పోయండి. రోజుకొక చెంబు పోస్తే వేరు పైనే తచ్చాడుతుంది. పచ్చిక బయలులో, రోజూ డ్రిప్ పెట్టే గులాబీల పక్కన తంగేడును నాటకపోవడం మంచిది. ఆ తప్పు చేసి రెండు మంచి మొక్కలను ఒకే వానాకాలంలో పోగొట్టుకున్నాను.

మే నెలలో ఆకులన్నీ పలుచబడి ఎండు కట్టెలా ఉంది. చచ్చిపోయిందా?

గోటితో కొమ్మ బెరడును గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. సాధారణంగా ఏడాది పొడవునా ఆకు ఉండే మొక్కే అయినా, తీవ్రమైన ఎండలో ఖర్చు తగ్గించుకోవడానికి ఆకును పలుచబరుస్తుంది. మొదటి వానకు చిగురు వేస్తుంది.

ఎప్పుడు కత్తిరించాలి? బతుకమ్మకు పూలు రావాలంటే?

తంగేడు పూత కొత్త కొమ్మల కొసల్లో వస్తుంది. కాబట్టి మే చివరి వారం నుంచి జూన్ మధ్య లోపల, తొలకరికి ముందు, మొక్క ఎత్తులో మూడవ వంతు తీసివేయండి. వానలకు ప్రతి కోత దగ్గరా రెండు, మూడు కొత్త కొమ్మలు వచ్చి, భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మకు మొగ్గ విచ్చుకుంటుంది. శ్రావణం వచ్చాక కత్తెర పెడితే ఆ ఏటి పూతను చేతులారా కోసేసినట్లే. ముసలిదై మోడుబారిన మొక్కను జానెడు ఎత్తుకు కొట్టేసినా మొదలు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది.

## పూత, పూత కోసం వచ్చేవారు

రెండేళ్లయినా ఒక్క పువ్వు లేదు. ఏం తక్కువైంది?

చాలావరకు ఎండే తక్కువై ఉంటుంది. రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ లేనిచోట తంగేడు ఆకుతోనే సరిపెడుతుంది. మంచి ఎండ ఉన్నా పూయకపోతే ఎరువు ఎక్కువైందా, కత్తిరింపు ఆలస్యమైందా చూసుకోండి.

బతుకమ్మకు కొమ్మలు విరుస్తాం కదా, దానివల్ల మొక్కకు నష్టమా?

కత్తెరతో జానెడు కాడ మాత్రమే కోస్తే నష్టం లేదు, పక్క కొమ్మలు వస్తాయి. చేత్తో విరిచి లాగితే బెరడు చీరి కొమ్మ మొదటికంటా ఎండుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది, తొమ్మిది రోజుల పండుగకు గునుగుతో పాటు ఇది లేనిదే బతుకమ్మ నిండదు. కానీ నగరాల చుట్టూ గుట్టలు ప్లాట్లుగా మారుతున్న కొద్దీ, మిగిలిన కాసిన్ని మొక్కల మీదే అందరి చేతులూ పడుతున్నాయి. పెరట్లో రెండు మొక్కలుంటే ఒక ఇంటి బతుకమ్మకు కావలసినన్ని పూలు వస్తాయి. బయట కోసేటప్పుడు ప్రతి మొక్క మీదా సగం గుత్తులను కాయకు వదలండి.

పువ్వులో తేనె ఉంటుందా? నల్లటి పెద్ద తుమ్మెదలు వస్తున్నాయి, భయంగా ఉంది.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే దాని కానుక. ఉదయం ఎనిమిది గంటల వేళ ఒక పూలగుత్తి దగ్గర నిలబడి చూడండి. పువ్వులో పది కేసరాలు ఉంటాయి, వాటిలో పైన ఉన్న మూడు గొడ్డువి. మిగిలినవాటి పుప్పొడి తిత్తులు పూర్తిగా పగలవు, కొసన సన్నని రంధ్రం మాత్రమే తెరుచుకుంటుంది. తుమ్మెద వచ్చి కేసరాలను పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒంటిని గట్టిగా అదిలిస్తుంది. అప్పటిదాకా వినిపించిన ఝంకారం ఆ క్షణంలో స్వరం మారి సన్నబడుతుంది, రంధ్రంలోంచి పుప్పొడి చిమ్మి దాని పొట్ట పసుపవుతుంది. పువ్వుకు తుమ్మెదతో ఉన్న ఈ పొత్తును నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. మీరు చేత్తో పట్టుకుంటే తప్ప అవి కుట్టవు, నిర్భయంగా ఉండండి.

ఆకుల మీద చీమలు తిరుగుతున్నాయి. మందు చల్లాలా?

అక్కర్లేదు. చిట్టి ఆకుల జతల మధ్య ఉండే గ్రంథుల నుంచి ఊరే తీపి రసం కోసం అవి వస్తాయి. కొమ్మ మీద తెల్లటి దూది ముద్దల్లాంటి పిండినల్లి కూడా కనిపిస్తేనే జోక్యం చేసుకోవాలి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేస్తే సరిపోతుంది.

ఆకుపచ్చ గొంగళిపురుగులు ఆకులు తినేస్తున్నాయి. ఏం చల్లాలి?

ఏమీ చల్లవద్దు. అవి ఎమిగ్రెంట్ అనే లేత రంగు సీతాకోకచిలుకల పిల్లలు, వాటి తిండి తంగేడు, దాని బంధువుల ఆకులే. మూడేళ్లు దాటిన మొక్క ఆకులు సగం పోయినా రెండు వారాల్లో తిరిగి చిగురిస్తుంది. సంచిలోని లేత నారు మీద ఉంటే మాత్రం వాటిని మెల్లగా తీసి పెద్ద మొక్క మీద వదలండి.

## ఇంటి వాడకం

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందా? మాత్రలు మానేయవచ్చా?

మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ఎండు పూల కషాయాన్ని తమిళనాడులో ఆవారం పేరుతో, శ్రీలంకలో రణవర పేరుతో తాగే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో రక్తంలో చక్కెర తగ్గినట్లు కనిపించింది. కానీ మనుషులకు ఎంత మోతాదు, ఎన్నాళ్లు వాడవచ్చన్నది తేలిన విషయం కాదు. పైగా మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు, గర్భిణులు దూరంగా ఉండడం మేలు.

కత్తిరించిన కొమ్మలను ఏం చేయాలి?

ఆకును పచ్చిరొట్టగా మడిలో తొక్కడం మన రైతులకు పాత అలవాటే. ఇంట్లో అయితే మొదళ్ల చుట్టూ పరిచినా చాలు. బెరడును మాత్రం వలవకండి. దానిలో టానిన్ ఎక్కువ కనుక ఒకప్పుడు దక్షిణాది తోళ్ల పరిశ్రమ దీని చెక్క మీదే ఆధారపడేది, కానీ బతికి ఉన్న కొమ్మ బెరడు వలిస్తే ఆ కొమ్మ ఎండుతుంది.

మేము అమెరికాలో ఉంటాం. బతుకమ్మ కోసం విత్తనాలు తీసుకువెళ్లవచ్చా?

సంచిలో వేసుకుని వెళ్లవద్దు. విత్తనాలకు మొక్కల క్వారంటైన్ అనుమతి పత్రాలు ఉండాలి, లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. అనుమతితో తెప్పించుకున్నా, మంచు గడ్డకట్టే చలిని ఈ మొక్క భరించలేదు. కాబట్టి మంచు పడే రాష్ట్రాల్లో దీన్ని లోతైన కుండీలో పెంచి, చలికాలమంతా ఎండ పడే కిటికీ దగ్గర, దాదాపు నీళ్లు పోయకుండా ఉంచవలసి వస్తుంది. మీ ప్రాంతంలో బయటి మొక్కల మీద ఆంక్షలు ఉన్నాయేమో ముందుగా అక్కడి వ్యవసాయ శాఖను అడిగి తెలుసుకోండి.